అంకె వేయని పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనువాడను. మా తాతగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరని మీలో పెద్దలకు తెలియును. 1984లో కరణీకములు రద్దయిన పిదప మా యింట మిగిలినవి రెండే: ఆయన చదివిన భారత భాగవతములు, ఆయన వ్రాసిన ఇంటి చిట్టాలు. మొదటివానిని గురువు లేకయే, సందేహములతోను తప్పులతోను చదివికొంటిని. రెండవవానిని మాత్రము తప్పు లేకుండ చదువగలనని ధైర్యముగా చెప్పుదును. ఈ దినము నేను చెప్పబోవు విషయము ఆ చిట్టాలలోని యొక పుటనుండి పుట్టినది. ఆ పుట సంగతి చివర మనవి చేసెదను.

కార్యదర్శిగారు నన్ను “సేవ” అను విషయముపై మాటలాడుమనిరి. నేను కథోలిక కన్యాస్త్రీలను గూర్చి చెప్పెదనన్నప్పుడు ఆయన, “మదర్ తెరీసాను గూర్చియా?” యని యడిగిరి. ఆ మహాతల్లి కథ మన బడిపిల్లలకును కంఠస్థమే. 1979లో నోబెల్ బహుమానము, 2016లో పునీతపట్టము పొందినదని వారే చెప్పుదురు. వెలుగులోనికి వచ్చినవారిని మరల నేను దీపము పట్టి చూపనక్కరలేదు. నేను చెప్పబోవునది మన గుంటూరు సీమకు వచ్చి, ఇచ్చటనే బ్రతుకు వెచ్చించి, మనలో నూటికొక్కరికైనను పేరు తెలియనివారిని గూర్చి.

కన్యాస్త్రీ యనగా ఎవరు? మన పల్లెలలో “సిస్టరమ్మ” యందుము. పేదరికము, బ్రహ్మచర్యము, విధేయత యను మూడు వ్రతములు పట్టి, ఇల్లు వాకిలి విడిచి, సంఘముగా జీవించు స్త్రీ. మఠము దాటక ప్రార్థనయందే ఆయువు గడపువారును వారిలో కలరు. వారి సంగతి వేరు. బడులకును ఆసుపత్రులకును వచ్చినవారిని చూచినపుడు నాకొకటి తోచును. మన సన్న్యాసి సంసారము వీడి ఊరు దాటి పోవును. ఈ సన్న్యాసినులో, సంసారము వీడి ఊరు వెదకికొని వచ్చిరి. ఏది గొప్పయని నేను తీర్పు చెప్పను. దారులు రెండును మనుష్యులు నడచినవే.

తెలుగుదేశమునకు వీరి రాక నిన్నటి మాట కాదు. 1849లోనే అనెసీ పట్టణపు సెయింట్ జోసెఫ్ సోదరీమణులు ఓడలో యానాము చేరి, తరువాత విశాఖపట్టణమున ఆడపిల్లలకు బడి పెట్టిరి. ఆ కాలమున ఆడపిల్లకు అక్షరము నేర్పుట యనగా మన పెద్దలు ఏమనుకొనిరో మీకు చెప్పనక్కరలేదు. 1904లో హాలండు దేశమునుండి యేసు, మరియ, యోసేపుల పేర వెలసిన సంఘమువారు గుంటూరునకు వచ్చిరి. జె.ఎం.జె. సిస్టరమ్మలని మనమనునది వీరినే. ఏలూరులో సెయింట్ తెరెసా కళాశాల 1953లో వీరు స్థాపించినదే. విజయవాడలోని మారిస్ స్టెల్లా మరియొక సంఘమువారిది, 1962నాటిది. కళాశాలల సంగతి ఇంతటితో చాలింతును. అందు చదివిన ఆడపడుచులు ఈ సభలోనే కలరు, వారు నాకంటె బాగుగ చెప్పగలరు.

నా మనస్సు నిలిచినది ఆసుపత్రి కథయందు.

దాని మొదలు మన దేశమున లేదు. స్కాట్లండు దేశమున 1837లో ఆగ్నెస్ మెక్లారెన్ అను నామె పుట్టెను. వైద్యము చదువగోరెను గాని, ఆడదానికి అచ్చటి విశ్వవిద్యాలయములు తలుపు తీయలేదు. ఆమె ఫ్రాన్సు దేశమునకు పోయి, మాంపెలియేలో చదివి 1878లో పట్టము పుచ్చుకొనెను. అరువది దాటిన పిదప కథోలిక మతమున చేరెను. భారతదేశపు స్త్రీలు పురుషవైద్యునికి నాడి చూపుటకును ఒప్పక, పరదాల వెనుక ప్రసవవేదనలో మరణించుచున్నారని విని, ఏడుపదులు దాటిన ముదిమిలో ఆమె ఈ దేశమునకు వచ్చెను. రావల్పిండిలో స్త్రీలకు, శిశువులకు ఆసుపత్రి యొకటి ఆమె పూనికచే వెలసెను. ఆ నగరము నేడు పాకిస్తానులో నున్నది.

ఆసుపత్రి కట్టుట తేలిక; వైద్యురాలిని నిలుపుట కష్టము. జీతమునకు వచ్చినవారు కొన్నాళ్లుండి పోవుచుండిరి. జీవితాంతము నిలుచువారు కన్యాస్త్రీలే యని ఆమెకు తోచెను. అప్పుడొక గోడ అడ్డు వచ్చెను. కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయరాదు, పురుడు పోయరాదు అని వారి మతశాసనము! రోగికి పక్క పరువవచ్చును, గంజి కాచి యియ్యవచ్చును. బిడ్డ అడ్డము తిరిగినపుడు మాత్రము చేయి చాచరాదు. ఆమె రోమునకు పలుమారులు విన్నపము చేసికొనెను. తలుపు తీయబడలేదు. 1913లో, తలుపు మూసియుండగనే, ఆమె కన్ను మూసెను.

ఇచ్చట కథ ముగిసినదని చదువరి యనుకొనును. లెక్కలు వ్రాయువాడు అనుకొనడు. సంవత్సరాంతమున మూసిన ఖాతాలో నిల్వ మరుసటి సంవత్సరపు మొదటి పుటకు ఎక్కును. ఆమెను గూర్చి యెవరో యొక చిన్న పుస్తకము వ్రాసిరి. 1915లో ఆ పుస్తకము ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరమున ఒక వైద్యురాలి చేత బడెను. ఆమె పేరు మేరీ గ్లౌరీ. 1887లో విక్టోరియా రాష్ట్రమున పుట్టి, 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, నగరమున మంచి పేరు గడించిన యువతి. ఆ చిన్న పుస్తకము చదివి, భారతదేశమునకు పోవలెనని నిశ్చయించుకొనెను. (పుస్తకములు ఎవరు చదువుదురని గ్రంథాలయమునకు చందా ఇయ్యని మన మిత్రులు ఈ సంగతి వినవలెను.) వెంటనే బయలుదేరినదా? లేదు. యుద్ధము ముగిసిన పిదప, 1919లో ప్రసూతి, స్త్రీరోగ, నేత్రవైద్యములయందు ఉన్నతపట్టము సంపాదించి, మనకు పనికివచ్చు విద్యను మూట గట్టుకొని, 1920 జనవరిలో ఓడ యెక్కెను. ఫిబ్రవరిలో గుంటూరు చేరెను. అప్పటికి వయస్సు ముప్పదిరెండు.

గుంటూరులో హాలండు సిస్టరమ్మలకు చిన్న మందులశాల యుండెను గాని వైద్యురాలు లేదు. గ్లౌరీ వారి సంఘముననే చేరెను. పోపు పదునైదవ బెనెడిక్టు ఆమెకొక్కదానికి వైద్యము చేయ ప్రత్యేకానుమతి నిచ్చెను. మెక్లారెన్ జీవితాంతము తట్టిన తలుపు, ఆమె పోయిన యేడేండ్లకు, మన గుంటూరు కొరకు ఒక చేయి దూరునంత తెరువబడెను. ఆ చిన్న మందులశాలయే పెరిగి సెయింట్ జోసెఫ్ ఆసుపత్రియైనది.

ధర్మము చెప్పవలెను గనుక ఒక మాట. గుంటూరు స్త్రీలకు తొలి వైద్యురాలు ఈమె కాదు. అమెరికా లూథరన్ మిషనుకు చెందిన అన్నా కుగ్లర్ 1883లోనే వచ్చి, 1898లో ఆసుపత్రి తెరచి, 1930లో ఈ మట్టిలోనే కలిసెను. ఆమె కన్యాస్త్రీ కాదు, కథోలికురాలును కాదు. ఆమె పేరు చెప్పక ఈ కథ చెప్పినచో జమలో ఒక పద్దు దాచినట్లగును.

మేరీ గ్లౌరీ చేసిన పనులలో నాకు మిక్కిలి పెద్దదిగా తోచునది ఆమె స్వయముగా చూచిన రోగుల సంఖ్య కాదు. ఆమె ఇచ్చటి స్త్రీలకు మందులు కలుపుట, పురుడు పోయుట, రోగిని కనిపెట్టుట నేర్పెను. తన చేతులు రెండేయని ఎరిగినది గనుక పది చేతులను తయారు చేసెను. భాగవతమున రంతిదేవుడు నలువదియెనిమిది దినములు పస్తుండి, తుదకు దొరికిన నీటిని దప్పిగొన్న అంత్యజునకు పోసెను. అప్పుడు దేవతలు ప్రత్యక్షమైరి. చదివినప్పుడెల్ల నాకు కన్నులు చెమర్చును. అయినను ఒక సందేహము: దేవతలు రాకున్నచో రంతిదేవుడు మరునాడు మరల అట్లే చేసియుండునా? చేసియుండుననియే నా నమ్మకము. ఈమె మాత్రము 37 సంవత్సరములు అట్లు చేసెను. ప్రత్యక్షమైనవారు మరునాటి రోగులు మాత్రమే.

1936 ఫిబ్రవరిలో రోమునుండి ఆదేశము వచ్చెను: కన్యాస్త్రీలు వైద్యము చదువవచ్చును, చేయవచ్చును, పురుడు పోయవచ్చును. ఇందులకు ఆస్ట్రియా దేశపు ఆనా డెంగెల్ పూనిక చాల గలదు. ఆమెయు మెక్లారెన్‌తో ఉత్తరములు నడిపి, ఆమెను కన్నులార చూడకయే ఆమె దారి పట్టి, రావల్పిండిలో పనిచేసి, 1925లో వైద్యసేవకే యొక సంఘమును స్థాపించినది. గ్లౌరీ 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘమును నెలకొల్పెను. దాని కేంద్రము నేడు సికిందరాబాదులో నున్నది. మూడు వేలకు మించిన వైద్యసంస్థలు అందు సభ్యులు. వైద్యకళాశాల యొకటి కావలెనని ఆమె కలగనెను; 1957 మే 5వ తేదీన, పుట్టకురుపు వ్యాధితో, బెంగుళూరులో మరణించెను. కళాశాల అదే నగరమున 1963లో, సెయింట్ జాన్ పేర, తెరువబడెను. చూచితిరా, ఈ వంశమునకు ఇదియొక ఆచారము కాబోలు: విత్తనము వేయువారు పంట చూడరు.

ఇక ఖర్చు వైపు. జమ మాత్రమే చదివి కూర్చుండుట మా వృత్తికి తగదు. ఐర్లండు దేశమున కన్యాస్త్రీలు నడపిన మగ్దలీన్ చాకిరేవులు కొన్ని యుండెను. దిక్కులేని ఆడపిల్లలను, పెండ్లి కాక తల్లులైన వారిని అందుంచి, జీతము లేక బట్టలుతికించిరి. కడపటిది 1996లో మూతపడెను. ప్రభుత్వము కన్ను మూసికొన్నందులకు ఆ దేశపు ప్రధాని 2013లో శాసనసభయందు క్షమాపణ వేడెను. తెల్లని వస్త్రము కట్టినంత మాత్రమున చేయి తెల్లనిది కాదు. ఇది దాచినచో మిగిలిన లెక్కను ఎవరును నమ్మరు.

“మతము కలుపుకొనుటకే వచ్చిరి గదా” యని మనవారు కొందరందురు. తమ మతము కొరకే వచ్చితిమని వారు దాచలేదు. మా నాయనమ్మ మాత్రము గుంటూరు ఆసుపత్రిలో ఇరువదిరెండు దినములు తులసిపూస మెడలోనుంచుకొని యుండెను. తిరిగి వచ్చునపుడును తులసిపూస మెడలోనే యుండెను. నాకు తెలిసిన సాక్ష్యమింతే.

ఆ సంగతి చెప్పెదను. మా తాతగారికి ఒక అక్క యుండెను. 1929లో, పదునేడవ యేట, పురిటికి పుట్టింటికి వచ్చెను. మూడు దినములు నొప్పులు. తెనాలినుండి డాక్టరును పిలుచుకొని వత్తునని మా తాతగారు బండి కట్టిరి. అప్పటికాయనకు పదునైదేండ్లు. మా ముత్తాతగారు కాడి పట్టుకొని ఆపిరి. పరపురుషుడు పురిటిగదిలో అడుగు పెట్టుటయా యని. నాలుగవనాడు ఉదయమున తల్లియు బిడ్డయు పోయిరి. మా తాతగారు తండ్రిపై ఎన్నడును కోపించలేదు, ఆ మాట ఎత్తనులేదు. ఈ కథ నాకు చెప్పినది నాయనమ్మ.

1938లో నాయనమ్మ కడుపుతో నున్నపుడు ఎనిమిదవ నెలలో కాళ్లు వాచి, కన్నులు తిరిగెను. ఈసారి కాడి పట్టుకొనుటకు ముత్తాతగారు లేరు. తాతగారు బండి కట్టించి తెనాలి చేరి, రైలులో గుంటూరునకు తీసికొనిపోయిరి. తోడు వచ్చిన మేనత్త ఆసుపత్రి నీరు ముట్టక, వీధి యవతల నొక అరుగు అద్దెకు తీసికొని మడితో వంట చేసెనట. వైద్యము చేసిన దొరసాని తెల్లని దుస్తులు ధరించియుండెననియు, చేతులు చల్లగ నుండెననియు నాయనమ్మ చెప్పెడిది. ఆమె మేరీ గ్లౌరీయే యని నేననజాలను. నాయనమ్మకు పేరు తెలియదు. ఆమెకు తెలిసినది ఆ చేతుల చలువ. పుట్టిన బిడ్డ మా నాయనగారు.

ఇంతవరకు సంతోషముగా చెప్పితిని. ఇప్పుడు చెప్పునది సంతోషముగా చెప్పజాలను.

1962 ప్రాంతమున మన యూరికి ఒక నర్సమ్మ వచ్చెను. పొరుగు గ్రామపు దళితవాడలో పుట్టి, గుంటూరులో సిస్టరమ్మల యొద్ద శిక్షణ పొందినది. ఆమె కన్యాస్త్రీ కాదు. వారు తయారు చేసిన చేతులలో ఒక జత. ఆమెకు ఊరిలో ఇల్లు కావలసివచ్చెను. మా దొడ్డిలో పెంకుటిల్లొకటి ఖాళీగా నుండెను. ఆమె వచ్చి మా తాతగారి నడిగెను. ఆయన ఇయ్యలేదు. మన పెద్దవీధిలో ఎవరును ఇయ్యలేదు. ఆమె చెరువుగట్టున పాకలో ఇరువదియేండ్లకు పైగా కాపురముండి, వానలో లాంతరు పట్టుకొని ఇంటింటికి వచ్చి పురుళ్లు పోసెను. 1970లో నన్నును ఆమెయే భూమిపై బెట్టెను. ఈ సభలో ఏబది దాటినవారు చాలమంది ఆమె చేతిమీదుగా వచ్చినవారే. కాదనువారు చేయి యెత్తవచ్చును.

అరణ్యపర్వమున కౌశికుడను తపస్వి ధర్మము తెలియగోరి మిథిలకు పోయి, మాంసమమ్ము ధర్మవ్యాధుని యింట కూర్చుండి వినెను. మా తాతగారు ఆ కథను అరుగుపై కూర్చుండి ఎన్నిమార్లో చదివి వినిపించిరి. నేనును వింటిని. ఆ అరుగునకు ఎదుటనే ఖాళీ పెంకుటిల్లు.

ఆయన చెడ్డవారు కారు. మీలో ఆయనను ఎరిగినవారు అది చెప్పుదురు. అక్క చావు చూచి గుంటూరునకు బండి కట్టించు ధైర్యము తెచ్చుకొనిరి. దొడ్డితలుపు తీయు ధైర్యము తెచ్చుకొనలేకపోయిరి. 1979లో పోయిరి. నర్సమ్మయు పోయి చాలకాలమైనది. ఆమె బిడ్డలు ఎచ్చటనున్నారో విచారించితిని, ఆచూకీ దొరకలేదు.

ఆ గుంటూరు, తెనాలి కాన్వెంటులలో నేడు హాలండు సిస్టరమ్మలు కానరారు. 1970 ప్రాంతమున ప్రపంచమున దాదాపు 10 లక్షలుగా నున్న కన్యాస్త్రీలు నేడు 6 లక్షలకు లోపు. ఐరోపాలో మఠములు వృద్ధురాండ్రతో నిండి, ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. పని మాత్రము ఆగలేదు. మన తెలుగుపల్లెల ఆడపడుచులే ఆ తెల్లని చీర కట్టి ఆసుపత్రులు నడపుచున్నారు. మేరీ గ్లౌరీకి 2013లో వారి మతమువారు “దైవసేవకురాలు” అను బిరుదమిచ్చిరి. మన నర్సమ్మకు ఎవరును ఏ బిరుదమును ఇయ్యలేదు. మన గ్రంథాలయపు గోడమీది రాతిపలకపై వేయి రూపాయలకు మించి యిచ్చినవారి పేర్లు చెక్కించితిమి. ఆ జాబితా వ్రాసినవాడను నేనే.

ఇక ఆ పుట సంగతి. 1938నాటి చిట్టాలో మా తాతగారు గుంటూరు ప్రయాణపు ఖర్చులు వరుసగా వ్రాసియున్నారు. బండి కూలి రూపాయి నాలుగణాలు. రైలు టిక్కెట్లు. అరుగు అద్దె. అరటిపండ్లు రెండణాలు. దాని క్రింద “గుంటూరు ఆసుపత్రి, దొరసానమ్మలకు” అని వ్రాసి, అంకె వేయవలసినచోట ఏమియు వేయలేదు. ఆయన వ్రాసిన నలువది చిట్టాలు తిరుగవేసితిని. అంకె లేని పద్దు మరియొకటి లేదు. అడుగున మొత్తము కూడ కట్టలేదు. ఎందుకో నన్నడిగినచో చెప్పలేను.

కార్యవర్గమువారి అనుమతితో ఆ చిట్టాను ఈ దినము గ్రంథాలయమునకు సమర్పించుచున్నాను. కాగితము పెళుసెక్కినది, నెమ్మదిగా త్రిప్పవలెను. ఆ పుటకు గుర్తుగా ఎఱ్ఱదారము పెట్టియున్నాను. రాతిపలకపై అడుగున రెండు పంక్తులకు చోటున్నది; నర్సమ్మ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, మీలో ఎవరికైనను తెలిసినచో, సభ ముగియగనే నాయొద్దకు వచ్చి చెప్పుడు.